పాలు పట్టిన కోతి

తల్లి చచ్చిపోయిన రెండు కుక్కపిల్లలు ఇంకా కళ్లయినా తెరవకుండా గడ్డివాము పక్కన కుయ్యోమంటుంటే, చంటిబిడ్డ ఉన్న కోతికి కడుపు తరుక్కుపోయింది. మేకను బతిమాలి పాలు తెచ్చి, గుడ్డపీలిక ముంచి వాటి నోళ్లలో పెట్టింది. పొట్టలు తిత్తుల్లా ఉబ్బాయి. ఏడుపు మాత్రం ఆగలేదు.

"ఇంకా ఆకలేనేమో!" కోతి మళ్లీ పీలిక ముంచింది.

"చాల్చాల్లే వదినా, చంపేస్తావా ఏంటి?" అంటూ పిల్లి వచ్చి, పిల్లల పొట్టల కింద నాకింది. రెండూ ఉచ్చపోసుకుని హాయిగా నిద్రపోయాయి.

"ఇంత పసివి వాటంతటవి పోసుకోలేవు. తల్లి నాకాలి," అంది పిల్లి.

 అంతలో కోతి పొట్టను కరుచుకున్న సొంతబిడ్డ కీచుమంది. అలవాటుగా రొమ్ము అందించబోయి ఆగిపోయింది.

"మరి ఇది దేనికి ఏడుస్తోంది వదినా?"