గాలి తగలని బీరు

సిలిండరు మీది ముల్లు సున్నా దగ్గర పడిపోయి ఉంది. డొలోరెస్ వేలితో తట్టింది. ముల్లు కదల్లేదు.

"గ్యాసు రావట్లేదేంటి?" నేలమాళిగలో మోకాళ్ళ మీద కూర్చున్న ఆమె భర్త వెర్లిన్ తలెత్తాడు. "డొలీ, నిన్నే! మీట తిప్పావా లేదా?"

"తిప్పాను. గ్యాసు అయిపోయినట్టుంది."

"అయిపోవడమేంటి? సగంలో ఆగిపోయింది చూడు!"

నిజమే. ఇంట్లో బీరు పులియబెట్టే పెద్ద పీపాలోంచి కెగ్గు అనే స్టీలు డబ్బాలోకి వెళ్ళే సన్నటి గొట్టంలో ముదురు గోధుమరంగు ధార ఉన్నచోటే నిలిచిపోయింది. పైనుంచి కార్బన్ డయాక్సైడ్ నెడితేనే అది కదులుతుంది. మూత తీసి వంపేద్దామంటే వెర్లిన్ ఊరుకోడు. గాలి సోకిన బీరు తడిసిన అట్టముక్కలా ఉంటుందంటాడు. ఒకసారి అలాగే పీపాడు బీరు కాలవపాలైంది. ఆ రోజంతా అతను పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

"శనివారం మా బీరు క్లబ్బువాళ్ళందరూ వస్తారు. వాళ్ళకేం పొయ్యను, నా మొహమా?"

"కంగారుపడకు. గ్లెన్‌ని అడుగుతాను."

"పక్కింటి గ్లెన్‌నా? వాడు చేసేదీ ఒక బీరేనా? గిన్నెలు కడిగిన నీళ్ళు నయం!"

డొలోరెస్ సిలిండరును రెండు చేతులా పట్టుకుని ఊపింది. ఏమీ లేదు. వెర్లిన్ గొట్టం బిగించిన చోట వేళ్ళు పెట్టి లాగుతున్నాడు, మళ్ళీ బిగిస్తున్నాడు. ఆ గొట్టం గానీ ఊడి గాలి సోకిందంటే ఇక చేసేదేమీ లేదు. అతని అరుపులకు ఆమె ఎన్నడూ బెదరలేదు. అరుపులు ఆగిపోయాక అతను గోడకేసి చూస్తూ కూర్చుండిపోతాడు. అదే ఆమె చూసి భరించలేనిది.

"దేన్నీ ముట్టుకోకు, ఇప్పుడే వస్తా," అని మెట్లెక్కి పరుగెత్తింది. షెబోయ్‌గన్ ఊరి మంచు ఇంటి చెప్పుల్లోకి దిగి పాదాలు కొరికింది.

గ్లెన్ తన వాకిట్లో పారతో మంచు ఎత్తిపోస్తున్నాడు. "మళ్ళీ అయిపోయిందా? పోయిన వారమేగా నింపించావు?"

"ఎక్కడో లీకవుతోంది."

గ్లెన్ పార పక్కన పడేశాడు. తన సిలిండరు భుజానికెత్తుకుని వచ్చాడు. బిగించి మీట తిప్పాడు. బుస్సుమంది. గొట్టంలో ధార కదిలింది.

"మెల్లగా, మెల్లగా! నురగ పొంగిందంటే నీ తల పగలగొడతా," అన్నాడు వెర్లిన్.

"ఏంటి ఈ గారాబం? బీరా, కొత్త పెళ్ళికూతురా? ఓ గుక్క రుచి చూపించు, వెళ్ళిపోతా."

"శనివారం దాకా చుక్క కదలదు. నా ఇంట్లో అదే పద్ధతి."

"పిసినారి ముసలాడా!"

వెర్లిన్ పకపకా నవ్వాడు. కెగ్గు పక్కకు అరచెయ్యి ఆనించి, చల్లదనం ఎంతదాకా పాకిందో చూసుకుంటున్నాడు. అది మెడదాకా వచ్చాక "ఇక కట్టెయ్," అన్నాడు.

డొలోరెస్ మెట్టు మీద చతికిలబడింది. ఏదో ఒక రోజు గ్లెన్ ఇంట్లో ఉండడు. ఆ రోజు ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.

"చూశావా డొలీ? ఇంత శుభ్రంగా ఎప్పుడైనా కుదిరిందా?"

"లేదు," అంది ఆమె. "ఎప్పుడూ కుదరలేదు."

గ్లెన్ వెళ్ళిపోయాడు. వెర్లిన్, వేయించిన సాసేజీలు, రొట్టె కడుపునిండా తిని, కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలాడు. పోటీలో నెగ్గి వచ్చినవాడిలా ఉంది మొహం. దుప్పటి కప్పుతుంటే ఆమె చెయ్యి పట్టుకుని, "శనివారం చూడు," అని కళ్ళు మూసుకున్నాడు.

గురక వినిపించేదాకా ఆగి, డొలోరెస్ నేలమాళిగలోకి దిగి, కెగ్గు మూత తీసి, రేపు పొద్దున అతను అంతా మర్చిపోయి లేచి మళ్ళీ కొత్తగా పట్టుకోవడానికి, బీరని అతను నమ్మే ఆ టీ డికాక్షన్ నీళ్ళను రోజూలాగే పెద్ద పీపాలో తిరిగి పోసేసింది.