ఉతకని దిండు

“తప్పిపోయిన పాప బట్టల్లో ఉతకనిది ఒక్కటి కూడా లేదా అమ్మా?” కుక్క గొలుసు చేతికి చుట్టుకుంటూ అడిగాడు పోలీసు.

“అన్నీ ఉతికి మడతపెట్టేశాను బాబూ. రాగానే వేసుకుంటుందని.”

“పోనీ, చెప్పులు?”

“అవి వేసుకునే వెళ్లింది.”

పోలీసు పెదవి విరిచాడు. “మనిషి వెళ్లిపోయినా వాసన బట్టని అంటిపెట్టుకునే ఉంటుంది. మా కుక్కకి అదే దారి చూపించాలి.”

“పాప దిండు ఉందిగా!” భర్త లోపలికి పరుగెత్తి తెచ్చాడు. “దీన్ని మాత్రం ఈవిడ నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు సార్.”

ఆమె దిండు లాక్కుని ముఖానికి అదుముకుంది. “పాప వాసన ఇంకా అలాగే ఉంది బాబూ. రోజూ దీన్ని కావలించుకునే పడుకుంటున్నా.”

పోలీసు ఆమెనీ దిండునీ మార్చి మార్చి చూశాడు. దిండు తీసుకుని కుక్క ముందు పెట్టాడు.

కుక్క చాలాసేపు వాసన చూసింది. మంచం చుట్టూ తిరిగింది. గుమ్మం దాటి వీధిలోకి దిగింది. ఆమె రెండు చేతులూ జోడించింది.

వీధి మలుపు దాకా కూడా పోకుండానే అది వెనక్కి తిరిగింది. నేరుగా వచ్చి ఆమె కాళ్ల ముందు కూర్చుని, వెతికింది దొరికిన సంబరంతో తోక ఊపింది.

“ఇంకోసారి చూపించండి సార్,” అన్నాడు భర్త.

“అది పొరపడలేదండీ,” అంటూ పోలీసు దిండుని తిరిగి ఆమె చేతుల్లో పెట్టాడు.