మచ్చలేని కాపీ

జోసెఫ్ వస్తాడో రాడోనని ఉదయ్ కుమార్ పొద్దుటి నుంచీ ఆత్మకూరు బస్టాండు వైపే చూస్తున్నాడు. తన రికార్డింగ్ షాపుకు వచ్చిన గిరాకీని కూడా సరిగ్గా పట్టించుకోలేదు.

“వస్తాడులే అన్నా. ‘కరెంటు వాన’ అంటే రాకుండా ఉంటాడా?” అన్నాడు ఎడ్విన్. అతను చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆ ఆల్బమ్ గురించి ఉదయ్ చెప్పగా చెప్పగా, ఒక్క పాటా వినకుండానే దానికి వీరాభిమాని అయిపోయాడు.

‘కరెంటు వాన’ను ఎనభై అయిదులో మద్రాసులో ఎవరో ముగ్గురు తెలుగు కుర్రాళ్ళు చేశారు. తబలా లేదు, వేణువు లేదు. అన్నీ ఎలక్ట్రానిక్ కీబోర్డులే. అన్నీ ఏడుపు పాటలే. జనం దాని మొహం కూడా చూడలేదు. ఉదయగిరిలో మాత్రం ఇద్దరు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఒకడు ఉదయ్, ఇంకొకడు స్కూలు టీచరు జోసెఫ్.

ఎనభై ఏడులో ఉదయ్ బొంబాయి ఉద్యోగానికి పోతుంటే, జోసెఫ్ అతని క్యాసెట్‌ను కాపీ చేసుకున్నాడు. ఊళ్ళో రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్ ఎవరికుంది? రెండు టేప్ రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఇంట్లో అందరి నోళ్ళూ మూయించి రికార్డు చేశాడు. అయినా ఇల్లు ఇల్లే కదా. మొదటి పాటలో వాళ్ళమ్మ ఓబమ్మ దగ్గింది. రెండో పాటలో గిన్నె పడింది. నాలుగో పాటలో గాయకుడు ఆగి, కీబోర్డు ఒక్కటే చినుకుల్లా రాలే చోట, జోసెఫ్ కూతురు జెస్సీ “నాయనా, అయిపోయిందా? ఇంక మాట్లాడొచ్చా?” అని అరిచింది. బయట మేక సంగతి సరేసరి.

అది విని ఉదయ్ పడీ పడీ నవ్వాడు. “ఇది ఆల్బమ్ కాదురా, మీ ఇంటి రేషన్ కార్డు!” అన్నాడు.

ఆ తర్వాత బొంబాయి నుంచి ఎన్ని ఉత్తరాలు రాసినా జోసెఫ్ జవాబివ్వలేదు. అలా నవ్వినందుకే వాడి మనసు విరిగిందనుకున్నాడు ఉదయ్. చెప్పకుండా దూరమైన స్నేహితుడు పెట్టే బాధ మామూలుది కాదు. ఎందుకని అడుగుదామంటే మనిషి ఎదురుగా లేడు. మరిచిపోదామంటే పాట వదలదు. తన ఒరిజినల్‌ను టేప్ రికార్డర్ నమిలేసిన రోజు ఉదయ్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు క్యాసెట్ కోసం కాదు.

తొంభై ఆరులో తిరిగొచ్చి, ఆత్మకూరులో షాపు పెట్టాడు. ఉదయగిరి పోవడానికి మొహం చెల్లలేదు. పోయిన వారం మద్రాసు ఫుట్‌పాత్ మీద ‘కరెంటు వాన’ ఒరిజినల్ ఇంకొకటి దొరికింది. వెంటనే బస్సు కండక్టరు చేత జోసెఫ్‌కు కబురంపాడు.

జోసెఫ్ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. జుట్టు నెరిసిపోయింది. కొత్తగా దొరికిన క్యాసెట్ వైపు చూడనైనా లేదు. సంచిలోంచి, గుడ్డలో చుట్టిన తన పాత క్యాసెట్ తీశాడు.

“ఈ మధ్య ఇరుక్కుంటా ఉండాదిరా. బాగు చేస్తావని వచ్చినాను. ఇది పోతే నాకింకేం లేదు.”

ఉదయ్ దాన్ని అందుకున్నాడు. తనని వదిలేసినా, ఆ పాటల్ని వదల్లేదన్నమాట! క్యాసెట్ పెట్టి చూస్తే సరిగ్గా నాలుగో పాట దగ్గర ఆగి ఉంది. ఉదయ్‌కి ప్రాణమైన పాటా అదే.

“ఎడ్విన్‌తో పోయి అన్నం తినిరా. వచ్చేలోపల కొత్తదాని మాదిరి చేసి పెడతా.”

“జాగర్తరా” అన్నాడు జోసెఫ్. గుమ్మం దాకా పోయి, వెనక్కొచ్చి మళ్ళీ అదే మాట అన్నాడు.

ఉదయ్ క్యాసెట్ విప్పి శుభ్రం చేశాడు. పొరపాటున కూడా దాని మీద ఇంకేమీ రికార్డు కాకుండా, జోసెఫ్ ఎప్పుడో పైనున్న ప్లాస్టిక్ ముక్క విరిచేసి ఉంచాడు. మళ్ళీ రికార్డు ఎక్కేలా ఉదయ్ ఆ గుంటకు సెలోటేపు అంటించాడు. ఏ షాపులో అయినా చేసే పనే. జపాన్ టేపు, ఇప్పుడలాంటిది దొరకదు. పైగా వాడి చేతిరాతతో ఉన్నది. అందులోంచే అసలు పాట వినిపిస్తే వాడి మొహం ఎలా వెలుగుతుందో చూడాలనుకున్నాడు. డబుల్ డెక్‌లో ఒక పక్క ఒరిజినల్, ఇంకో పక్క అదీ పెట్టి బటన్ నొక్కాడు. పాటల పిచ్చివాళ్ళంతే. పాట మీద ఈగ వాలినా ఓర్చుకోలేరు.

వాళ్ళు తిరిగొచ్చాక, ఏమీ చెప్పకుండా క్యాసెట్ పెట్టాడు.

మొదటి పాట కడిగిన అద్దంలా వచ్చింది. ఎడ్విన్ కళ్ళు మూసుకుని గాల్లోనే కీబోర్డు వాయించేస్తున్నాడు. జోసెఫ్ చటుక్కున తలెత్తాడు.

“ఇది నాదేనా?”

“నీదేరా. నీ చేతిరాత చూసుకో!”

జోసెఫ్ స్పీకరు దగ్గరికి జరిగాడు. రెండో పాట అయింది. మూడోదీ అయింది. నాలుగో పాటలో గాయకుడు ఆగాడు. కీబోర్డు ఒక్కటే రాలింది, ఏ అడ్డూ లేకుండా, చివరిదాకా.

“అబ్బ! దీన్ని ఎవరూ వినకపోవడం ఎంత అన్యాయం అన్నా” అని ఎడ్విన్ కళ్ళు తుడుచుకున్నాడు.

“ఇంకోసారి పెట్టు” అన్నాడు జోసెఫ్.

ఉదయ్ పొంగిపోయి పెట్టాడు.

“ఇంకోసారి.”

మళ్ళీ పెట్టాడు. జోసెఫ్ స్పీకరుకు చెవి ఆనించాడు.

“ముందున్నది ఏమైందిరా?”

“ఇంకేడుంటాది? దాని మీదే ఎక్కించినాను. మీ అమ్మ దగ్గు లేదు, మేక లేదు. ఆ పొద్దు నవ్వినందుకు నన్ను క్షమించరా. ఇన్నేళ్ళూ నువ్వు లేక చచ్చిపోయినాను” అన్నాడు ఉదయ్. ఏడుపు ఆపుకోవడానికి నవ్వబోయాడు. “జెస్సీ పెద్దదై ఉంటాదే. ఇంకా అట్నే మాట్లాడతా ఉండాదా?”

జోసెఫ్ క్యాసెట్ బయటికి తీసి, రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

“బిడ్డను సమాధి చేసి తొమ్మిదేళ్ళయినా, ఇందాక నేను అన్నానికి పోయేదాకా నాతో మాట్లాడతానే ఉండిందిరా” అన్నాడు.