లాభం, రెండు, మూడు

తాత సుబ్బన్న పోయాక కర్నూలులోని ధాన్యం అంగడి పద్మప్రియ మీద పడింది. రాత్రి తలుపులు వేసి, కొత్తగా పెట్టించిన బ్రాడ్‌బ్యాండ్‌లో అకౌంట్స్ క్లాసు వింటోంది. మిగిలిన సరుకును లెక్కలో ఎలా చూపాలో చెబుతూ మేడమ్ ఆగింది.

"మీ వెనక కొలుస్తున్నది ఎవరమ్మా? ఒకటి అనకుండా లాభం అంటున్నారు?"

ఆ అంగట్లో అలా కొలిచింది తాత ఒక్కడే.

హెడ్‌ఫోన్స్ తీసింది. గోదాములో చడీచప్పుడూ లేదు. మళ్ళీ పెట్టుకుంది. కొర్రలు జలజలా రాలుతున్నాయి.

"లాభం... రెండు... మూడు..."

"యాడుండావు తాతా?" అంది మెల్లగా.

"ఈడనే ఉండా. ఒడి పట్టు తల్లీ."

తనకు తెలియకుండానే చున్నీ చాచింది. అది చల్లగా, కొంచెం కొంచెంగా బరువెక్కసాగింది.