నీళ్లలో ఎర్ర చొక్కా

గుర్రపుడెక్క తియ్యాలి. గట్టుకి పడ్డ గండి పూడ్చాలి. చిరిగిన వలలు ఏరాలి. టవరు మెట్లకి మేకులు కొట్టాలి. నీళ్ల మధ్య ఎవరో నిలబెట్టిన దిష్టిబొమ్మని పీకి పారెయ్యాలి.

రేంజరు దుర్గారావుగారు రాసిచ్చిన ఐదు పనులూ కొత్త కాపలాదారు నరేష్ పొల్లుపోకుండా చేశాడు. బొమ్మనైతే గట్టు మీద కాల్చేశాడు కూడా. పక్షుల కోసమున్న ఆవలో, అంత పెద్ద మడుగులో, పక్షుల్ని బెదరగొట్టే బొమ్మేమిటని అతనికీ అనిపించింది మరి.

తెల్లారింది. కార్తీకానికి దిగాల్సిన పరజ బాతులు వేలకు వేలు వచ్చాయి. పెదమడ ఆవ మీద గిర్రున తిరుగుతున్నాయి. స్టీలుప్లాంటు గొట్టాలదాకా పోతున్నాయి, మళ్లీ వస్తున్నాయి. ఒక్కటీ దిగదే!

ఫోను మోగింది. రేంజరుగారు.

"పక్షుల లెక్కకి బయల్దేరాను. గంటలో ఉంటాను. పక్షి లేని ఆవకి కాపలా దండగని పైవాళ్లు ముందే అంటున్నారు. ఈరోజు సున్నా వచ్చిందా, నీ ఉద్యోగమూ సున్నాయే."

నరేష్ పెందుర్తి నుంచి వచ్చి చేరి నెల కాలేదు.

అప్పుడే గట్టు పనికొచ్చిన అసిరమ్మ నీళ్లకేసి చూసి నెత్తి మీది తట్ట జారవిడిచేసింది.

"బొమ్మేదిరా బాబూ?"

"కాల్చీసినాను పిన్నీ. రేంజరుగారు తీసీమన్నారు."

అసిరమ్మ ఉన్నచోటే చతికిలబడిపోయింది. "కాల్సీసినావా! మా ముసలోడు పోయినప్పుడు ఓపాలి కాల్సినాం. నువ్వు రెండోపాలి కాల్సినావురా నాయినా!"

"ఏటంతన్నావ్ పిన్నీ?"

ముసలోడంటే ఆమె మొగుడు దాలయ్య. మొన్న భాద్రపదం వానల్లో పోయాడు.

"ఇరవయ్యేళ్లు ఆ సోటే నడుంలోతు నీళ్లల్లో నిలబడి డెక్క పీకినాడు. ఆ ఎర్ర సొక్కా కనబడితేనే పరజలు దిగుతాయి. ఆడుంటే పిట్టల్ని పట్టే వలలోళ్లు రారని ఆటికి దైర్నం. ఈ ఏడు ఎతుక్కుంటాయని నానే ఆ సొక్కాలో గడ్డి కూరి నిలబెట్టినాను."

నరేష్ ఆమె చీర మీద తొడుక్కున్న మగ చొక్కాకేసి చూశాడు. అదీ ఎరుపే.

"అదెవుర్ది?"

"ఆడిదే. ఆడికున్నవే రెండు."

"ఇలాగియ్యి పిన్నీ."

జీపొచ్చి ఆగింది. దుర్గారావుగారు టవరెక్కి నోరెళ్లబెట్టారు. ఆవ నిండా పరజలే! "నాలుగు వేలకి పైమాటే" అంటూ రాసుకున్నారు. అంతలోనే మొహం మాడిపోయింది. "ఆ బొమ్మ ఇంకా అక్కడే ఉందేమిటి? ఏడీ ఆ నరేష్?"

"పనిలో ఉన్నాడు బాబూ" అంది కిందనుంచి అసిరమ్మ.

ఆయన బైనాక్యులర్ కళ్లకి ఆనించారు. మరుక్షణం అది చేతిలోంచి జారిపోయింది.

"బాబోయ్! బొమ్మ రెప్ప వేసింది!"

పెదమడకి పరజల్ని చూడ్డానికి వెళ్లినప్పుడు నీళ్లలో ఎర్ర చొక్కా కనిపిస్తే కేకెయ్యకండేం. దాలయ్యని ఒక్కసారి తలుచుకోండి, చాలు.