వదిలేసిన చేప

“వదలకు సారూ! ఆగు, వదలకు!”

అవతలి గట్టు మీంచి ఆ కేక వినపడేసరికే హరిప్రసాద్ చేప నోట్లోంచి గాలం ముల్లు తీసి, దాన్ని మడుగులోకి జారవిడిచాడు. అరచెయ్యంత కొర్రమట్ట. తోక ఒక్కసారి ఆడించి మాయమైంది.

ఒక ముసలామె మోకాలి లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ ఇవతలికి వచ్చింది. చేతిలోని మట్టి ముంతను పక్కన పెట్టి, ఇసుకలో కూలబడి నెత్తి కొట్టుకుంది.

“ఎంత పని చేసినవ్ సారూ! ఇంటికొస్తున్న పిలగాణ్ణి వాకిట్లకెళ్ళి ఎల్లగొడితివి.”

హరిప్రసాద్‌కు ఏమీ అర్థం కాలేదు. అతను కొత్తగూడెంలో సర్వేయర్. ప్రతి ఆదివారం కారేసుకుని జూలూరుపాడు మీదుగా ఈ అడవి వాగుకు వస్తాడు. కోడి ఈకలతో తనే కట్టుకున్న ఉత్తుత్తి ఈగను నీటి మీద ఆడించి చేపను పడతాడు, పట్టినదాన్ని మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తాడు. అదొక సరదా. ఈ సరదాకు ఇంట్లో భార్య తిట్టడం మామూలే. వాగు గట్టున తిట్లు తినడం మాత్రం ఇదే మొదలు.

“అంత చిన్నది కూరకైనా రాదు కదా పెద్దమ్మా!”

“కూరనా?” ఆమె చూసిన చూపుకు అతను తల దించుకున్నాడు. “నా కొడుకు సారూ అది. మా రవీందర్.”

ఆమె పేరు జంపక్క. కొడుకు పోయి ఆరు వారాలైంది. వాళ్ళ ఇంటి పద్ధతేమిటో ఆమే చెప్పుకొచ్చింది.

“పోయినోడు ముందుగాల నీళ్ళల్లకు చేరతడు. గట్టు మీద నిలవడి పేరు వెట్టి పిలవాలె. వల ఎయ్యొద్దు, గాలమే. పిలిచినంక వచ్చిన చేపను ముంతల ఏసుకొని పోతేనే వాడు ఇల్లు చేరినట్టు. లేకుంటె బయటనే తిరుగుతుంటడు. నేను అక్కణ్ణుంచి పిలుస్తనే ఉన్న. నీ గాలానికి వచ్చిండు. నువ్వేమో వదిలేస్తివి.”

“రేపు మళ్ళీ పిలవొచ్చు కదా?”

“రేపేడిది? వాగంత ఎండి గీ మడుగొక్కటే మిగిలింది. పొద్దుగాల్నే మోటార్లు పెట్టి మిర్చి చేన్లకు తోడుకుంటరు. ఇయ్యాల పొద్దుగూకకముందే దొరకాలె.”

ఆ నమ్మకం సంగతెలా ఉన్నా, ఒక తల్లిని ఏడిపించానన్న బాధ హరిప్రసాద్‌ను నిలవనియ్యలేదు.

“ఏడవకు పెద్దమ్మా. నేనే మళ్ళీ పడతా” అంటూ గాలం కర్ర అందుకున్నాడు.

అతను ఈగను విసిరినప్పుడల్లా ఆమె “రవీందరూ, ఇంటికి రా బిడ్డా” అని పిలిచింది. ఫాల్గుణమాసపు ఎండకు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఇప్పచెట్లలో ఒక్క పిట్ట కూతైనా లేదు. ఆ పిలుపు నీటి మీదుగా వెళ్ళి, అవతలి గట్టుకు తగిలి తిరిగొస్తుంటే అటునుంచి ఎవరో బదులు పలుకుతున్నట్టే ఉంది.

ఒకసారి దారం కదిలింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. లాగి చూస్తే ఎండుటాకు.

ఆకును ముల్లు నుంచి తీసేస్తూ అతనే అడిగాడు.

“ఎట్ల పోయిండు పెద్దమ్మా?”

“గా జూలూరుపాడు రోడ్డు మీద బండి జారి పడ్డడు. కాలు విరిగి నెత్తురు పోయింది. జల్దీ దవాఖానాకు తెస్తె బతుకుతుండె అన్నడు డాక్టరు. దారినపోయేటోళ్ళు తాగి పడ్డడనుకున్నరంట. మావాడు మందు ముట్టడు సారూ.”

“ఏ రోజు?”

“ఆదివారం. పొద్దుగూకంగ.”

హరిప్రసాద్ తన కారు నిలిపిన వైపు ఒకసారి చూశాడు. తర్వాతి విసురుకు ఈగ తుమ్మకొమ్మకు చిక్కుకుని దారం తెగింది. కొత్త ఈగ కట్టబోతే దారం బెజ్జంలోకి ఎక్కడానికి నాలుగుసార్లు పట్టింది. ఇక వెళ్ళిపోదామనుకున్నాడు. ఆమె ముఖం చూసి కదల్లేకపోయాడు.

పొద్దు చెట్ల వెనక్కి దిగుతోంది. ఈగ నీటిని తాకిందో లేదో, దారం బిగుసుకుంది. చేప పెనుగులాడలేదు. లాగినకొద్దీ నెమ్మదిగా వచ్చి అతని తడి చేతిలో పడుకుంది. పెదవి మీద ఇందాకటి ముల్లు గాటు ఇంకా పచ్చిగా ఉంది. రెప్పలేని కళ్ళతో అది అతన్నే చూస్తోంది. అతను చూపు తిప్పుకుని గబగబా దాన్ని ముంతలో వేశాడు.

“వచ్చినవా బిడ్డా...” జంపక్క ముంతను గుండెలకు హత్తుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కొంగుతో ముంత మూతి కప్పింది.

హరిప్రసాద్‌కు పెద్ద బరువేదో దిగినట్టయింది. కర్రను మడిచి సంచిలో పెట్టుకుని, చెట్ల చాటున నిలిపిన కారు వైపు నడిచాడు.

“సారూ, జర ఆగు.”

ఆగాడు.

“మూడు దినాల సంది మా అన్నదమ్ములు గాలాలేసిండ్రు, మా కోడలేసింది, వాని దోస్తులేసిండ్రు. ఎవ్వల గాలానికి రాలే. నీకు రెండుమార్లు వచ్చిండు.”

“ఏదో అదృష్టం పెద్దమ్మా.”

“అదృష్టం కాదు.” ఆమె మాటలో కోపం లేదు. “పానం పోయేటప్పుడు ఎవరికి చెయ్యెత్తి మొక్కిండో, వాళ్ళ చేతికే వస్తడు. నువ్వు కారెందుకు ఆపలే సారూ?”