రోజూ ఆరింటికే

“ఈ మూడు నెలలూ ఆరింటికల్లా ఇంటికి బయల్దేరాలన్నారు డాక్టరుగారు,” అంది ఆరో నెల కడుపుతో ఉన్న ఆడిటరమ్మ.

“దానికేం భాగ్యం తల్లీ!” అంటూ మేనేజరు హాజరు పట్టీ ఆమె ముందుకు తోశాడు. “ఆడిట్ల సీజను మొదలైతే ఊపిరాడదు. రోజూ ఆరింటికే వెళ్లినట్టు మూడు నెలల సంతకాలూ ఇప్పుడే పెట్టెయ్.”

“మరి నిజంగా వెళ్లేదెప్పుడు సార్?”

“పనయ్యాక. తనిఖీకి వచ్చేవాళ్లు చూసేది పట్టీనే కదమ్మా!”

ఆమె పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

“నిరుడు మనం ఆడిట్ చేసిన ఫ్యాక్టరీ హాజరు పట్టీ దొంగదని తేల్చింది నేనే సార్.”

“మరిచిపోతానా? అందరిచేతా చప్పట్లు కొట్టించాను. ఇంతకీ ఎలా పట్టేశావు?”

“మూడు నెలల సంతకాలూ ఒకే సిరాతో ఉన్నాయి.”

మేనేజరు మెచ్చుకోలుగా తలూపాడు. సొరుగులోంచి నాలుగు రకాల పెన్నులు తీసి ఆమె ముందు పెట్టాడు.

“మార్చి మార్చి వాడమ్మా.”